హాస్టల్లో గంజాయి టెస్టు: వార్డెన్, డాక్టరమ్మ వాదన

(ఇంటర్ హాస్టళ్లలో చెప్పకుండా యూరిన్ టెస్టులు చేసి, పాజిటివ్ వచ్చినవాళ్లకు టీసీ ఇచ్చి పంపేయాలన్నది ప్రతిపాదన.)

వార్డెన్: గదికి ఆరుగురు మేడమ్. ఒకడు మొదలుపెడితే గదంతా పాకుతుంది. కిట్‌లో రెండు గీతలొస్తే నెగెటివ్, ఒక్కటే వస్తే పాజిటివ్. ఐదు నిమిషాల పని.

డాక్టర్: ఆ గీత ఎవరిని పట్టిస్తుందో చూడండి సార్. ఒక్కసారి పీల్చినవాడికి మూడు రోజుల్లో పోతుంది. రోజూ పీల్చేవాడు మానేశాక కూడా నెల దాకా పాజిటివ్ రావచ్చు. అంటే మానేసి, నిద్ర పట్టక, తిండి సయించక, అందరి మీదా చిరాకుపడుతూ మొదటి రెండు వారాలు నెట్టుకొస్తున్నవాడే మీకు దొరుకుతాడు. వైట్‌నర్ పీల్చేవాడు దొరకడు, ఆ కిట్‌కు అది తెలియదు. గంజాయికి టెస్టు ఉందంటే కొందరు అటే మళ్లుతారు. వైట్‌నర్‌తో గుండె లయ తప్పి తొలిసారే ప్రాణం పోవచ్చు.

వార్డెన్: అయితే చూస్తూ కూర్చోమంటారా? రేపు తల్లిదండ్రులు పట్టుకునేది నా కాలరే.

డాక్టర్: కూర్చోమనలేదు. 12 నుంచి 21 ఏళ్లవాళ్ల కోసం క్రాఫ్ట్ అని ఆరు ప్రశ్నలున్నాయి. మత్తులో ఉన్నవాడి బండెక్కావా, ఒంటరిగా తీసుకుంటావా, ఏం చేశావో తర్వాత గుర్తులేకుండా పోయిందా, ఇలాంటివి. రెండింటికి అవునంటే కూర్చోబెట్టి వివరంగా మాట్లాడాలి. ఆ కాగితం మీ చేతికొస్తుందని తెలిస్తే మాత్రం ఒక్కడూ నిజం రాయడు.

వార్డెన్: నా హాస్టల్ సంగతి నాకే తెలియకూడదా!

డాక్టర్: చచ్చిపోవాలనుందన్నా, లేని గొంతులు వినిపిస్తున్నాయన్నా మీకూ ఇంటికీ చెబుతాం. ఆ హద్దు పిల్లాడికి ముందే చెప్పి మొదలుపెడతాం. మిగతాది మా దగ్గరే ఉంటుంది.

వార్డెన్: పోలీసు కేసయితే?

డాక్టర్: కేసు వాడినందుకే అయితే, ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న కేంద్రంలో తనంతట తాను చికిత్సకు వస్తే మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఎ సెక్షన్ కాపాడుతుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. 18 ఏళ్ల లోపువాడికి మత్తుమందు ఇచ్చినవాడికి మాత్రం జువైనల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. మీ కోపం అటు తిప్పండి.

వార్డెన్: సరే, డీఅడిక్షన్ సెంటర్లో పడేస్తే పీడా పోతుంది కదా?

డాక్టర్: గంజాయికి చాలామందిని చేర్చాల్సిన పనే ఉండదు. చేర్చాల్సి వచ్చినా, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మైనర్‌ను పెద్దల వార్డులో పెట్టకూడదు. ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి, ఇంటివాళ్లో వాళ్లు పెట్టిన మనిషో ఒకరు తోడుండాలి, 72 గంటల్లో మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు తెలపాలి. గొలుసులు వేయడం పూర్తిగా నిషేధం.

వార్డెన్: చెప్పడం తేలికే. మాకు కౌన్సెలర్ నెలకోసారి కూడా రాడు.

డాక్టర్: టెలీ మానస్ ఉంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14416. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

వార్డెన్: నోటీసు బోర్డుకి అంటించాం.

డాక్టర్: ఫోన్లు లాగేసుకున్నారుగా, ఎక్కణ్ణుంచి చేస్తారు?

వార్డెన్: ఆఫీసులో ఉంది. నా టేబుల్ మీద.

డాక్టర్: మీ ముందు నిలబడి ఎవడు చేస్తాడు సార్? తలుపున్న గదిలోకి మార్చండి.

వార్డెన్: ఇంటికి గంటలకొద్దీ మాట్లాడతారు.

డాక్టర్: ఆ ఒక్క నంబరుకే వెళ్లేలా లాక్ చేయించండి.

వార్డెన్: ఫోన్ మారుస్తాను. కానీ గదిలో అమ్ముతూ దొరికినవాడికి టీసీ తప్పదు.

డాక్టర్: తన వాడకానికి డబ్బుల్లేక అమ్మేవాడైతే? ముందు నా దగ్గరికి పంపండి, టీసీ సంగతి ఆ తర్వాత చూద్దాం.

వార్డెన్: అది మాత్రం ఒప్పుకోను.