‘రెండేళ్లు ఆరిన’ పనస పలక గారికి

మహారాజశ్రీ పనస పలక గారి సముఖానికి, చెన్నైలో ఉకులేలే అనే నాలుగు తీగల చిన్న గిటారు చేసే పనివాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరి కుశలం పొద్దున్నే చూశాను. నిన్న బ్యాండ్‌సా రంపం మీద చీల్చిన ఎనిమిది పొరలు 45 శాతం తేమ ఉన్న గదిలో పడుకుని, తెల్లారేసరికి దోనెలై లేచాయి. నడిమి రెండూ కాస్త నయం. మిగతావన్నీ పలక మధ్యకు తిరిగిన మొహం వైపే గుంటపడ్డాయి. అంటే తమరి పైతోలు ఎప్పుడో ఆరి ముడుచుకుంది. కడుపులో తడి కడుపులోనే ఉంది. గాలి తగలగానే అదీ ముడుచుకోవడం మొదలెట్టింది.

కలప డిపోలో తమరిని పరిచయం చేసిన మాట గుర్తుందా? “రెండేళ్లు ఆరింది సార్, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి.”

తమరి వంశం మీద మాకు అనుమానం లేదు. బొబ్బిలి వీణా పనసే, తంజావూరు వీణా పనసే. పోర్చుగీసు దీవి మదీరా నుంచి 1879లో ఓడెక్కి హవాయిలోని హొనొలులులో దిగిన వడ్రంగులు నూనెస్, దియాస్, ఎస్పిరితో సాంతో కూడా చేతికందిన అక్కడి కోఆ చెక్కతోనే ఉకులేలే చేశారు. ఉన్న ఊరి చెక్కతో చేయడమే ఈ వాయిద్యం ఆచారం. కాకపోతే వీణ కుండని దుంగలోంచి తొలుస్తారు. ఆ మందపాటి గోడల్లో తమరు కాస్త అటూ ఇటూ సర్దుకున్నా చెల్లుతుంది. ఇక్కడ తమరి మందం 2 మిల్లీమీటర్లు.

ఇప్పుడు ఆ రెండేళ్ల సంగతి. నీడలో, పలకకీ పలకకీ మధ్య పుల్లలు పెట్టి పేరిస్తే అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుంది. తమరు రెండంగుళాలు. లెక్క కుదిరింది కదా అనుకుంటాం. తమరి నడిమి ముక్క ఒకటి కోసి 103 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా తూచాను. 60 గ్రాముల ముక్క 50 దగ్గర ఆగింది. పోయిన 10 గ్రాములని ఎండు బరువుతో భాగిస్తే 20 శాతం తేమ. రెండేళ్లు ఆరిన చెక్క అలా ఉండదు. ఒకదాని మీద ఒకటి పడేసి, మధ్యలో గాలి ఆడకుండా పెట్టిన చెక్క అలా ఉంటుంది.

సరే, ఆ మాట నిజమే అనుకుందాం. ఏ గాలిలో ఆరావు నాయనా? చెన్నై గాలిలో! 75 శాతం తేమ ఉన్న గాలిలో చెక్క తన తేమ 14 శాతం దగ్గరే నిలబడిపోతుంది. రెండేళ్లు కాదు, ఇరవయ్యేళ్లు పెట్టినా అంతకంటే దిగదు. గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటరు సరిగ్గా ఉందో లేదో చూడడానికి, మూతపెట్టిన డబ్బాలో తడిపిన ఉప్పుతో పాటు దాన్ని ఉంచుతారు. డబ్బాలో గాలి 75 దగ్గర స్థిరపడుతుంది. మన ఊళ్లో చాలా రోజులు ఆ డబ్బా అక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు. నాకు కావాల్సింది 8 శాతం చెక్క. అది వయసుతో రాదు, గదితో వస్తుంది. ఇన్నేళ్లుగా చెక్క అమ్ముతున్నవాళ్లకి ఈ ఒక్క ముక్క ఎందుకు ఎక్కదు?

పోనీ తేడా ఎంతని. ఉకులేలే వీపులో, అంటే వెనక పలకలో, సగానికి సరిపడే, ఇంకా చిత్రిక పట్టని 5 మిల్లీమీటర్ల పొర 130 గ్రాములుంటే, 14 నుంచి 8కి దిగడానికి అందులోంచి పోవాల్సింది 7 గ్రాముల నీళ్లు. చెంచాన్నర! ఆ నీళ్లు ఇక్కడ పోకపోతే హైదరాబాదు ఏప్రిల్‌లో, కొన్నవాళ్ల ఏసీ గదిలో పోతాయి. టెనార్ సైజు ఉకులేలే వీపు వెడల్పు 225 మిల్లీమీటర్లు. చారలు నిలువుగా ఉన్న కోతైనా అది మిల్లీమీటరు పైనే కుంచించుకుపోవాలని చూస్తుంది, బల్లపరుపు కోతైతే ఇంచుమించు దానికి రెట్టింపు. లోపల అడ్డంగా అతికిన స్ప్రూస్ చెక్క బద్దలు మాత్రం పొడవులో వెంట్రుకవాసి తగ్గవు. ఇక చిట్లడమే. అప్పుడు ఫోను డిపోకి వెళ్లదు, నాకొస్తుంది.

చెక్కలో తేమ చూపే మీటరు పెట్టి చూసి కొనొచ్చుగా అంటావేమో. పెట్టాను, 12 చూపించింది. పొద్దుట్నుంచీ నిన్ను డిపో ముందు ఎండలో ఆనించి పెడితే చూపించదూ? పిన్నులు దిగేది పైపొరలోకే. పైగా ఆ మీటర్లని డగ్లస్ ఫర్ అనే అమెరికా చెక్కకి సరిచేసి పంపుతారు. చివరి నుంచి జానెడు లోపలికి అడ్డంగా కోసి ఆ పచ్చి మొహం మీద గుచ్చితేనే నిజం బయటపడుతుంది. ఆ మాటెత్తితే “కోస్తే మీదే సార్” అంటారు.

నీ చుట్టాల మీదా ఫిర్యాదులున్నాయి గానీ ఓపిక లేదు. ఎండకి కుంచించుకుని, ఫ్రెట్లనే లోహపు మెట్ల కొనలతో అరచేయి గీరే ఫ్రెట్‌బోర్డు ఒకటి. ఎర్రచందనంతో చేయరా అని అడిగే పెద్దమనుషులు ఇంకొకరు, శేషాచలం అడవి నేనేదో పెరట్లో పెంచుతున్నట్టు.

అంత తిట్టీ, నడిమి పొరల్లో ఒకదాన్ని పైనుంచి పావు వంతు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని తట్టాను. ఆ తడిలోనూ మోగింది దొంగముండ. రంగు చూస్తే పసుపు, వెలుతురు తగిలేకొద్దీ ముదిరి గోధుమకి తిరుగుతుంది. అందుకే ఇంకా పొయ్యిలోకి పోలేదు నువ్వు.

నడిమి రెండింటికీ చివర్ల మైనం పూసి, మధ్యలో 20 మిల్లీమీటర్ల పుల్లలు పెట్టి, పైన బరువు పెట్టి మళ్లీ గదిలో పెట్టాను. వారానికోసారి తూస్తాను. వరసగా మూడు వారాలు గ్రాము కూడా మారకపోతే వీపు అవుతావు. మారుతూనే ఉంటే కత్తిపీట అవుతావు. దానికి 14 శాతం ధారాళంగా చాలు.