ఏడు కాళ్ళ పురుగు

సోమవారం నాకు సగం రోజు సెలవు కోసేశారు. కారణం రెండో ప్రపంచ యుద్ధం నాటి ఓ అమెరికన్ మిలిటరీ లారీ. కడుపుమంట ఇంకా చల్లారలేదు, అందుకే వేడి మీదే రాసేస్తున్నాను.

లారీ అంటే బొమ్మ లారీయే లెండి. జీఎంసీ వారి రెండున్నర టన్నుల సీసీకేడబ్ల్యూ, అసలు బండిలో 35వ వంతు. 1944లో ఫ్రాన్స్‌లో అమెరికన్ సైన్యానికి పెట్రోలూ మందుగుండూ చేరవేసిన రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్‌లో పరుగులు తీసిన బండి ఇదే. నెల రోజులు అంటించి, రంగులేసి, చక్రాలకు బురద కూడా పూసి, మా బొమ్మల పిచ్చోళ్ళలో సీనియర్ అయిన ఓ పెద్దాయనకు చూపించాను. ఆయన బురద వైపే చూడలేదు. బానెట్ ఎత్తి, సెల్‌ఫోన్ టార్చి వేసి, "ప్లగ్ వైర్లు లేకుండా బండెలా స్టార్టవుతుందోయ్?" అన్నారు. ప్లాస్టిక్ బండండీ, వైర్లున్నా స్టార్టవదు అనే జవాబు నాకు ఇంటికొచ్చాక తట్టింది.

ఆదివారం రాత్రి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాను. ఇంజిన్ మొత్తం మూడు సెంటీమీటర్లు. ఆరు సిలిండర్లు కాబట్టి ప్లగ్గులకు ఆరు వైర్లు, కాయిల్ నుంచి వచ్చేది ఒకటి, వెరసి ఏడు. అసలు బండిలో ఏడు మిల్లీమీటర్ల మందముండే వైరు ఇక్కడ 0.2 మిల్లీమీటర్లు ఉండాలి. పాత టేబుల్ ఫ్యాన్ వైరు చీల్చి రాగి పోగులు తీశాను. ఈ వైర్లన్నీ వచ్చి గుచ్చుకునేది డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌కి, అంటే ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా మూతకి. అది మూడు మిల్లీమీటర్ల ముక్క. దానికి ఏడు చిల్లులు ఎలా పెట్టానో అడక్కండి. సిలిండర్లు మండే వరుస, అదే ఫైరింగ్ ఆర్డర్, 1-5-3-6-2-4 కూడా తప్పకుండా చూసుకున్నాను. నల్లరంగు వేశాను. ట్వీజర్‌తో పట్టుకుని, అడుగున సూపర్ గ్లూ చుక్క పెట్టి, ఇంజిన్ దాకా తెచ్చాను. టింగ్ మంది. క్యాప్ లేదు.

గంటసేపు నేల మీద పాకాను. మా ఆవిడ లేచొచ్చి ఏం పోయిందని అడిగితే, డిస్ట్రిబ్యూటర్ అన్నాను. "గ్యాస్ వాడా?" అని, జవాబు వినకుండానే వెళ్ళి పడుకుంది.

పొద్దున్నే కుర్చీకి తగిలించి ఉన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆఫీసుకు పరిగెత్తాను.

మా ఆఫీసులో ఈ మధ్య వేలిముద్రల మిషన్ పెట్టారు. తొమ్మిదిన్నర దాటితే సగం రోజు కోత. నేను చేరుకునేసరికి 9:26. బొటనవేలు పెట్టాను. "ప్లీజ్ ట్రై అగైన్" అంది. తుడిచి పెట్టాను. ప్లీజ్ ట్రై అగైన్. అప్పుడు చూసుకుంటే వేలి మీద గ్లూ గట్టిపడి గాజులా మెరుస్తోంది, గీతన్నది లేదు. 1942లో కోడాక్ వాళ్ళు తుపాకీ గురి అద్దాలకు పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఈ గ్లూ రసాయనం దొరికిందట. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోందని విసుగొచ్చి పక్కన పడేశారట. అక్కడితో ఊరుకోవచ్చుగా! ఏళ్ళ తర్వాత మళ్ళీ తీసి సీసాల్లో పోసి అమ్మారు. మిగతా వేళ్ళు పెడదామంటే మిషన్‌లో నమోదైంది ఆ ఒక్క వేలే. పద్నాలుగేళ్ళుగా రోజూ నాకు నమస్తే పెట్టే సెక్యూరిటీ అన్న పక్కనే ఉన్నాడు. ఆయన గుర్తుపడితే చాలదట, మిషనే గుర్తుపట్టాలట.

వెనక లైను పెరుగుతోంది. నేను ఏడోసారి చెయ్యెత్తాను.

"సార్, ఆగుండ్రి. కదలకుండ్రి. మోచేతి కాడ పురుగున్నది."

"గోమారిలా ఉంది," అన్నాడు వెనక నుంచి అకౌంట్స్ అబ్బాయి.

"సాలీడండీ," అంది ఇంకొకావిడ.

"సాలీడుకు ఎనిమిది కాళ్ళు కదా మేడమ్. దీనికి..." ఆ అబ్బాయి వంగి శ్రద్ధగా లెక్కపెట్టాడు. "ఏడే ఉన్నాయి."

ఏడు అన్న మాట చెవిన పడగానే నా గుండె జల్లుమంది. ఆగన్నా, అది పురుగు కాదు, డిస్ట్రి... అనేలోపు విజిటర్ల రిజిస్టర్ గాల్లోకి లేచింది. అట్ట వేసిన రిజిస్టర్. ఫట్.

"సచ్చింది సార్," అన్నాడాయన ఎంతో తృప్తిగా.

మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో కాలూ ఏరి రుమాల్లో పెట్టుకున్నాను. నాలుగు దొరికాయి. లైనంతా నిశ్శబ్దంగా చూస్తోంది. హెచ్ఆర్ అమ్మాయి వచ్చి, "సార్, ఇంట్లో అంతా బాగానే ఉన్నారు కదా?" అని మెల్లగా అడిగింది.

అప్పటికి 9:41. ఆలస్యానికి కారణం ఆన్‌లైన్ ఫారంలో నింపితే కోత తీసేస్తామన్నారు. అందులో ఉన్నవి మూడే: అనారోగ్యం, ట్రాఫిక్, వాహన మరమ్మతు. అబద్ధమాడటం ఇష్టంలేక మూడోది నొక్కాను.

ఇప్పుడు మెకానిక్ బిల్లు జత చేయమంటోంది.