వందతో గుణించే ముందు

ఎన్ని ఇంగ్లీషు పదాలు తెలుసో కొలిచే వొకాబులరీ సైజ్ టెస్టులో 60 మార్కులు వస్తే 6,000 పదాలు వచ్చినట్టేనని ఒక వ్యాసంలో తేల్చేశారు. అంత తేలిక కాదండీ. భాషా పరిశోధకుడు పాల్ నేషన్ తయారుచేసిన ఆ పరీక్షలో 140 ప్రశ్నలు, ప్రతి వెయ్యి పద కుటుంబాలకు (ఒక మూలపదం, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) పదేసి చొప్పున. మార్కును వందతో గుణించేది అందుకే. కానీ ప్రతిదానికీ నాలుగు జవాబులు! కళ్లు మూసుకుని టిక్కులు పెట్టినా సగటున 35 మార్కులు, అంటే 3,500 పదాలు ఊరికే వచ్చిపడతాయి. పైగా అది కొలిచేది చదివి గుర్తుపట్టడాన్నే, వాడడాన్ని కాదు.

ఊహించి పెట్టిన జవాబుల సంగతి తేలాలంటే, పదం చూపి తెలుసా అని మాత్రమే అడిగే 'తెలుసు-తెలియదు' పరీక్షలో అసలు లేని పదాలు కొన్ని కలపాలి. నిజమైనవాటిలో 70 శాతానికి, లేనివాటిలో 20 శాతానికి 'తెలుసు' అన్నారనుకోండి: 70లోంచి 20 తీసేసి, మిగిలిన 50ని 80తో (100లోంచి ఆ 20 పోగా) భాగిస్తే, నిజంగా తెలిసినవి 62.5 శాతం. మన పిల్లలకైతే బస్సు, టికెట్ లాంటి, తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు పదాలు ఎక్కువ పడినా మార్కు ఉబ్బుతుంది.