పస్తాపూర్‌కు పిల్లల్ని పిక్నిక్‌కు తీసుకెళ్లొద్దు

హైదరాబాద్ ప్రైవేటు స్కూళ్లలో ఇప్పుడు 'నేచర్ ట్రిప్' లేని క్యాలెండర్ కనిపించడం లేదు. పొద్దున్నే ఏసీ బస్సు, దారిలో టిఫిన్, అరగంట మట్టితో కుండ చేయడం, పావుగంట ఎద్దుల బండి, గ్రూప్ ఫొటో, చీకటి పడేలోగా ఇల్లు. దీన్ని ప్రకృతి విద్య అంటే నేను ఒప్పుకోను. ట్రిప్పులు మానేయమనడం లేదు. ఇంకా ఎక్కువ రోజులు, ఇంకా గట్టి చోటికి వెళ్లమంటున్నాను. అలాంటి చోటు నగరానికి వంద కిలోమీటర్ల దూరంలో, ముంబై హైవే మీదే ఉంది.

జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 1983 నుంచి పనిచేస్తోంది. చిరుధాన్యాల గురించి ఏ కాస్త చదివినవారికైనా ఆ పేరు, దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన, 2023లో కన్నుమూసిన పి.వి.సతీష్ పేరు కొత్త కాదు. చుట్టుపక్కల పదుల ఊళ్లలోని మహిళా సంఘాలే దాని బలం. ఆ సంఘాల్లోని ఆడవాళ్లలో ఎక్కువ మంది దళితులు, చిన్న కమతాల వాళ్లు, బడి ముఖం చూడనివాళ్లు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వీళ్లకు వచ్చింది. 2008లో మాచ్‌నూర్‌లో మొదలైన సంఘం రేడియోను నడిపింది కూడా ఈ ఊళ్ల ఆడవాళ్లే.

అక్కడ పిల్లలు నేర్చుకోవాల్సిందేమిటో ఒక ఎర్ర చెలక చూస్తే తెలుస్తుంది. ఒకే ఎకరంలో జొన్న, కంది, సజ్జ, కొర్ర, సామ, పెసర, అనుము, బొబ్బర్లు... పదిహేను, ఇరవై రకాలు కలిసి ఉంటాయి. నగరం పిల్లవాడికి అది గజిబిజిగా కనిపిస్తుంది. దాని వెనక లెక్క ఉంది. పెసర రెండు నెలల్లో చేతికొస్తుంది. కంది ఆరు నెలలు నిలబడుతుంది. వాన ముందే ఆగిపోతే తక్కువ కాలం పంటలు ఆదుకుంటాయి, ఆలస్యంగా పడితే ఎక్కువ కాలం పంటలు కోలుకుంటాయి. అన్నీ ఒకేసారి పోవు. పప్పుజాతి మొక్కల వేర్లు నేలకు నత్రజనిని ఇస్తాయి. పదో తరగతి జీవశాస్త్రంలో, అర్థశాస్త్రంలో, గణితంలో విడివిడిగా ముక్కలు చేసి చెప్పేదంతా ఆ ఎకరంలో ఒకచోటే ఉంది. పక్క చేనులో చెరకో, అల్లమో, పత్తో ఒక్కటే పంటగా ఉంటుంది. పిల్లల్ని ఆ రెండు చేలకూ మధ్య గట్టు మీద నిలబెట్టి, వానలు ఎగ్గొట్టిన ఏడాది ఏ ఇంట్లో ఏం వండుకుంటారో అడిగితే చాలు. ఏ వర్క్‌షీటూ అక్కర్లేదు.

ఇంకో పాఠం కలుపు దగ్గర. పాఠ్యపుస్తకంలో కలుపంటే పీకేయాల్సింది, మందు కొట్టి చంపాల్సింది. ఈ ఆడవాళ్లు చేలో వంగి తుమ్మి, గునుగు, పొన్నగంటి, గంగవాయిలి ఏరుకుని కొంగులో వేసుకుంటారు. ఎవరూ విత్తనం వేయలేదు, ఎవరూ నీళ్లు పెట్టలేదు, రాత్రికి కూర అయింది. కలుపు మందు కొట్టిన చేలో పేదింటి కూర కూడా చచ్చిపోతుందని ఏ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చాప్టర్ చెబుతోంది?

విత్తనాలు దాచే తీరు కూడా దగ్గర కూర్చుని చూడాలి. వెదురు బుట్టను పేడతో, మట్టితో అలికి ఎండబెడతారు. అడుగున ఎండిన వేపాకు, దాని మీద బూడిద కలిపిన విత్తనం, పైన మళ్లీ వేపాకు. మూతి మీద మట్టి మెత్తితే పురుగు లోపలికి పోదు. ఈ విత్తనం అమ్మకానికి కాదు. పక్కింటామెకు కావాలంటే ఒక వంతు తీసుకుని, పంట వచ్చాక రెండు వంతులు తిరిగి ఇస్తుంది. ఈ పద్ధతి చూసిన పిల్లవాడు తర్వాత ఎప్పుడో బ్యాంకు వడ్డీ పాఠం చదివినప్పుడు గట్టి ప్రశ్నలే అడుగుతాడు, అడగాలి కూడా.

భద్రత మాటేమిటని తల్లిదండ్రులు అడుగుతారు. తీసిపారేసే ప్రశ్న కాదది. 2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జి డ్యామ్ వదిలిన నీళ్లకు బియాస్ నదిలో 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. ఆ కడుపుకోత ఇంకా పచ్చిగానే ఉంది. సిలబస్ పూర్తికాదని టీచర్లు, ఖర్చని మేనేజ్‌మెంట్లు అంటాయి. అయితే ఆ ఘోరం నేర్పిన పాఠం, తెలియని చోట తెలిసినవాళ్లు లేకుండా పిల్లల్ని వదలొద్దని. ఊళ్లో, ఆ ఊరి ఆడవాళ్ల చేతికింద ఉండటం దానికి పూర్తిగా భిన్నం. సిలబస్ సాకు కూడా నిలవదు. పర్యావరణాన్ని తప్పనిసరి పాఠంగా చెప్పాలన్న దిశగా సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశాలిచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పది రోజులు బ్యాగు లేకుండా స్థానిక వృత్తిదారుల దగ్గర నేర్చుకోవాలని రాసింది. ఆ పది రోజుల్ని డ్రాయింగ్ పోటీలకూ క్విజ్‌లకూ ఖర్చుపెట్టే బదులు ఒక సంఘం చేలో గడిపితే తప్పేంటి?

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటుంది. చెట్లు, పిట్టలు, మట్టి వాసన చూపించి ప్రకృతి అయిపోయిందంటాం. ఆ నేల ఎవరిది, రేపు ఎవరిదవుతుందన్న ప్రశ్నను బస్సులోనే వదిలేస్తాం. సంఘం రేడియో ఉన్న మాచ్‌నూర్ ఝరాసంగం మండలంలో ఉంది. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లోనే 12,635 ఎకరాల్లో పరిశ్రమల కోసం జాతీయ పెట్టుబడులు, తయారీ జోన్, అంటే నిమ్జ్, తలపెట్టారు. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ అక్కడే తొలి దశగా 3,245 ఎకరాల్లో పారిశ్రామిక స్మార్ట్ సిటీకి ఆమోదం తెలిపింది. ఉద్యోగాలొస్తాయని ఒకరంటారు, భూమి పోతుందని ఇంకొకరంటారు. పిల్లలు ఇద్దరి మాటా వినాలి. ఇది రాజకీయం, స్కూలుకెందుకు అంటే ఒప్పుకోను. పర్యావరణ పాఠమంటే చివరికి భూమి పాఠమే.

తిండి పాఠం కూడా అంతే. తెలంగాణ రేషన్ అంటే బియ్యమే అనుకుంటున్న రోజుల్లో, 1990ల్లోనే ఈ సంఘాలు సొంత రేషన్ నడిపాయి. పడావు పడిన భూముల్లో జొన్న వేయడానికి రైతుకు అప్పిచ్చి, బాకీని గింజల రూపంలో తీసుకుని, ఊళ్లో పేదలకు చవగ్గా అమ్మాయి. ఎవరు ఎంత పేదవాళ్లో ఆఫీసు తేల్చలేదు, ఊరంతా కూర్చుని తేల్చింది. మధ్యాహ్న భోజనంలో జొన్న రొట్టె ఎందుకు లేదని ఒక్క ఎనిమిదో తరగతి పిల్ల అడిగినా ఆ ప్రయాణం దండగ కాదు.

ఇక అసలు అన్యాయం. ఈ పాఠం ముందుగా అందాల్సింది ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల జిల్లా పరిషత్ హైస్కూళ్ల పిల్లలకు. మాచ్‌నూర్‌లో సంఘాలు పెట్టుకున్న 'పచ్చ సాలె' అనే బడి, పుస్తకాలతో పాటు వ్యవసాయం, వడ్రంగం, కుమ్మరి పని, మూలికా వైద్యం నేర్పింది. మన విద్యాశాఖ దాని నుంచి నేర్చుకున్నది శూన్యం. పొద్దున అమ్మమ్మతో చేలో సాళ్లు లెక్కపెట్టిన పిల్ల, పదింటికి బడికొచ్చి తనకు ఏమీ రాదనే నమ్మకంతో బెంచీ మీద కూర్చుంటుంది. అమ్మమ్మకు తెలిసినదానికి మార్కులు లేవు గనక అది చదువు కాదని ఆ పిల్లకు మనమే నేర్పించాం. నగరం పిల్లలు బస్సులో వచ్చి అదే అమ్మమ్మ ముందు నోటు పుస్తకం తెరిచి కూర్చోవడం ఆ ఊరి పిల్లలు చూడాలి. ఇద్దరూ కలిసి కూర్చుంటే ఇంకా మేలు.

అందుకే ఆ ఆడవాళ్లను గైడ్లుగా కాకుండా టీచర్లుగా పిలవాలి, గెస్ట్ లెక్చరర్‌కు ఇచ్చే గౌరవ వేతనమే ఇవ్వాలి. కవర్లో పెట్టి చేతికిచ్చే బక్షీస్ వద్దు. వెళ్తే వానాకాలం విత్తేటప్పుడు ఒకసారి, యాసంగి పంట నీళ్లు కట్టకుండా మంచుకే ఎదుగుతున్నప్పుడు ఇంకోసారి, కనీసం మూడు రాత్రులు ఉండేలా వెళ్లాలి. రెండు దశాబ్దాలకు పైగా ఏటా జనవరి మధ్యలో పాత పంటల జాతర బళ్లు విత్తన బుట్టలతో ఊరూరా తిరుగుతున్నాయి. నెల రోజుల పాటు సాగే ఆ జాతరలో స్కూళ్లు పాల్గొనాలనుకుంటే దసరాలోపే సంఘాలతో మాట్లాడుకోవాలి. ఏ ఊళ్లో ఉండాలో, ఏ చేలో పనిచేయాలో సంఘం వాళ్లే చెబుతారు. ఝరాసంగం హైస్కూలు పిల్లల పేర్లు కూడా ఆ జాబితాలో ఉండాలని స్కూళ్లే అడగాలి.