ఇల్లు అమ్మేటప్పుడు బ్రోకర్ కమీషన్: 'చేతికి ఇంత' అన్న మాటతోనే అసలు నష్టం

నెల్లూరులో ఇల్లు అమ్మకానికి పెట్టినవాళ్లు బ్రోకర్‌తో మొదట బేరమాడేది కమీషన్ గురించే. ఒక శాతమా, రెండా? పట్టుబట్టి ఒకటికి దించుతారు. ఆ వెంటనే చాలామంది ఇంకో మాట అంటారు. "నాకు డెబ్బై లక్షలు చేతికి రావాలబ్బయ్యా, ఆ పైన ఎంతకు అమ్ముకుంటావో నీ ఇష్టం." పెద్ద నష్టం మొదలయ్యేది ఈ మాట దగ్గరే.

వేదాయపాళెం వైపు ముప్పై అంకణాల్లో ఒక పాత ఇల్లుందనుకుందాం. మన దగ్గర అంకణం అంటే 72 చదరపు అడుగులు కాబట్టి అది 240 గజాల స్థలం. డెబ్బై లక్షల మీద ఒక శాతం అంటే 70 వేలు, రెండు శాతం అంటే లక్షా 40 వేలు. అంత వాదించి యజమాని మిగుల్చుకున్నది 70 వేలు. బ్రోకర్ అదే ఇంటిని 75 లక్షలకు కుదిర్చితే పై ఐదు లక్షలు ఆయనవే. అమ్మిన ధరలో అది ఆరున్నర శాతం పైమాటే. కొన్నవాళ్ల దగ్గర తీసుకునే కమీషన్ దీనికి అదనం.

దీనికి బ్రోకర్‌ని తిట్టి లాభం లేదు, యజమాని తన నోటితోనే ఒప్పుకున్నాడు. అలా ఎందుకు ఒప్పుకుంటారో కూడా తెలిసిందే. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. ఇంట్లో పెళ్లో, ఆసుపత్రి ఖర్చో ముందుంటుంది. వీధిలో రేటు ఎలా ఉందో సరిగ్గా తెలియదు. ఒక అంకె పట్టుకుని కూర్చుంటే టెన్షన్ ఉండదనిపిస్తుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఇలా నష్టపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ ఇల్లే వాళ్ల జీవితకాలపు పొదుపు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో కనిపించే మార్కెట్ విలువ ప్రభుత్వ లెక్క, నడుస్తున్న ధర వేరుగా ఉంటుంది. ఈమధ్య అదే వీధిలో అమ్మినవాళ్లను అడగాలి. ఇద్దరు ముగ్గురు బ్రోకర్లను విడివిడిగా పిలిచి, మీరైతే ఎంతకు అమ్మగలరని అడగాలి. ఈ పని చేయకుండా ఎవరితోనూ 'చేతికి ఇంత' అనకూడదు.

పన్ను దగ్గర ఇది ఇంకా ఇబ్బంది పెడుతుంది. బ్యాంకు లోన్‌తో కొనేవాళ్లు సాధారణంగా దస్తావేజులో పూర్తి ధర రాయిస్తారు. అంటే 75 లక్షలకు అమ్మినట్టు పడేది యజమాని పేరు మీదే. లాభాన్ని లెక్కగట్టేటప్పుడు బ్రోకర్ కమీషన్‌ను ఖర్చుగా తీసేయొచ్చు, కానీ దానికి రసీదు, బ్యాంకు ద్వారా చెల్లించిన ఆధారం ఉండాలి. బ్రోకర్ చేతికి వెళ్లిన ఐదు లక్షలకు కాగితమే లేకపోతే, దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం లెక్కన 62,500 రూపాయల పన్ను తన దగ్గర నిలవని డబ్బుకు కట్టాల్సి వస్తుంది. "డెబ్బైకే రాయిద్దాం, మిగతాది నగదుగా ఇప్పిస్తా" అనే మాట ఇంకా ప్రమాదం. ఇంటి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నంత మొత్తం పెనాల్టీ పడే అవకాశం ఉంది.

కమీషన్ ఇంతే ఉండాలని మన దగ్గర చట్టమేదీ చెప్పలేదు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ పెట్టింది కానీ అది రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు, ప్లాట్లు అమ్మేవారి విషయం. దర్గామిట్టలోనో ఒంగోలు లాయర్‌పేటలోనో పాతికేళ్ల ఇంటిని అమ్మేవాళ్లకు అది పెద్దగా అక్కరకు రాదు. వాళ్లకు పనికొచ్చేది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. వేరే ఒప్పందం లేకపోతే, అప్పగించిన పని పూర్తయ్యాకే ఏజెంటుకు ప్రతిఫలం ఇవ్వాలని అందులోని 219వ సెక్షన్ అంటుంది. యజమానికి తెలియకుండా ఏజెంటు తన సొంతానికి వ్యాపారం చేసుకుంటే ఆ లాభాన్ని యజమాని అడిగి తీసుకోవచ్చని 216వ సెక్షన్ చెబుతుంది. ఆ 'తెలియకుండా' అన్నది ముఖ్యం. పైది నీ ఇష్టమని ముందే అనేసినవాళ్లు తర్వాత ఈ సెక్షన్‌ను పట్టుకుని వాదించడం కష్టం.

శాతం పద్ధతిలోనూ ఒక చిక్కుంది. ఒక శాతం మీద పనిచేసే బ్రోకర్‌కు ధర రెండు లక్షలు పెరిగితే అదనంగా వచ్చేది రెండు వేలే. దానికోసం ఇంకో రెండు నెలలు తిరగడం కంటే ఈ వారమే బేరం తెగడం ఆయనకు మేలు. "సార్, ఇంతకంటే పార్టీ దొరకడం కష్టం" అన్నప్పుడు ఆ మాట నిజమే కావచ్చు, ఆయన తొందర కూడా కావచ్చు. అందుకే నా సూచన: 70 లక్షల వరకు ఒక శాతం, ఆ పైన వచ్చిన దాంట్లో పది శాతం అని ముందే మాట్లాడుకోండి. 75కు కుదిర్చితే ఆయనకు లక్షా 20 వేలు వస్తాయి. ఎక్కువ ధర కోసం ఆగే కారణం ఆయనకూ ఉంటుంది, పై డబ్బులో నాలుగున్నర లక్షలు ఇంటివాళ్లకే మిగులుతాయి.

బ్రోకర్ పని తేలికేం కాదు. ఎండలో పదిమందికి ఇల్లు చూపించాలి, ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం), లింకు దస్తావేజులు (పాత యజమానుల నాటి పత్రాలు) తెప్పించాలి, లోన్ ఫైలు కదిలేదాకా బ్యాంకు చుట్టూ తిరగాలి. నెల జీతం లేని మనిషి. న్యాయమైన కమీషన్ ఇవ్వడానికి ఎవరూ వెనకాడకూడదు. ఆ ఇచ్చేదేంటో ఒక కాగితం మీద ఉండాలన్నదే నేను అడిగేది. ఎంత, ఎప్పుడు, ఎవరికి అన్నవి రాసుకుంటే చాలు. కొన్నవాళ్ల దగ్గర కూడా తీసుకుంటున్నారా అన్నది అందులోనే ఉండాలి. బయానా తీసుకున్నాక కొనేవాళ్లకు లోన్ రాక బేరం తప్పిపోతే కమీషన్ సంగతేంటో కూడా అప్పుడే తేల్చుకోవాలి. అగ్రిమెంట్ రోజు నాలుగో వంతు, మిగతాది రిజిస్ట్రేషన్ అయ్యాక అనేది నాకు సబబుగా తోస్తుంది.

'ఎవరికి' అన్నది చిన్న విషయమేం కాదు. ఇంటి ఫొటో ఒక వాట్సాప్ గ్రూపులో పడితే సాయంత్రానికి పది గ్రూపుల్లో ఉంటుంది. రిజిస్ట్రేషన్ రోజున ఇద్దరు బ్రోకర్లు వచ్చి పార్టీని తెచ్చింది నేనంటే నేనంటారు. ఎవరు ఏ రోజు ఎవరిని తీసుకొచ్చారో అప్పుడే ఆ బ్రోకర్‌కే మెసేజ్ పెట్టి ఉంచితే ఈ గొడవకు తావుండదు.