ఒక్క చిరునామానా, రెండా?

హనుమకొండ చౌరస్తా వెనుక సందులో చిన్న ఆఫీసు. కొత్తవాడలో నేసిన జంపఖానాలు అమ్మే సైటును మళ్లీ కట్టాలి. ఇప్పుడు దానికి రెండు రూపాలు: కంప్యూటర్‌కు ఒకటి, ఫోనుకు ‘ఎం’ అక్షరంతో మొదలయ్యే వేరే చిరునామాలో ఇంకొకటి. ఆ రెండూ కట్టిన అన్నకు, కొత్తగా పనిలో చేరిన చెల్లెకు నడిచిన వాదం ఇది.

అన్న: రెండింటిని ఎందుకు కలుపుతనంటవ్ చెల్లె? ఏటూరునాగారం దిక్కు సిగ్నల్ ఎట్లుంటదో నీకెరుకే. ఫోను పేజీ కావాల్ననే సన్నగ చేసిన. ఒక ఫొటో, ధర, ఫోన్ నంబరు. గంతే. టక్కున తెరుసుకుంటది.

చెల్లె: తెరుసుకుంటది అన్నా, కానీ వెతికితే దొరకదు. గూగుల్ ఇప్పుడు లెక్కల పెట్టుకునేది ఫోను పేజీనే. 2016ల చెప్పిన్రు, 2023 అక్టోబర్‌ల ఆ మార్పు పూర్తయిందన్నరు. జంపఖానా పొడుగు వెడల్పు, నూలు రకం, ఎట్ల ఉతకాలె, 2018ల వరంగల్ దర్రీలకు వచ్చిన భౌగోళిక గుర్తింపు, ఇవన్నీ కంప్యూటర్ పేజీల రాసినవ్, ఫోను పేజీల తీసేసినవ్. ‘వరంగల్ జంపఖానా 6 బై 9’ అని ఒకామె వెతికితే ఏం చూసి మనల్ని చూపిస్తది? దర్రీ అని రాసినం గని, జంపఖానా అన్న మాటే ఫోను పేజీల లేదు. నేతన్న పనితనమంతా రాసి దాచిపెట్టినట్టయింది.

అన్న: రెండు పేజీలు ఒకటేనని గూగుల్‌కు చెప్పే ట్యాగులు కోడ్‌ల పెట్టిన కదా.

చెల్లె: ఒకటేనని చెప్పినవ్, ఒకటిగ లేవు. పోయిన దసరాకు ధర ఒకదాంట్ల మార్చి రెండోదాంట్ల మరిచినం. కొన్నామె ఎంత బాధపడ్డదో యాదుందా?

అన్న: యాదుంది. మరి ఒకే పేజీ తెర సైజును బట్టి సర్దుకునే నీ రెస్పాన్సివ్ పద్ధతిల? కంప్యూటర్‌కు పెట్టిన పెద్ద ఫొటోనే ఫోనుకు పంపి చిన్నగ చూపిస్తరు. నేను చూసినయ్ చానా గట్లనే ఉన్నయ్. డాటా ఎవరిది పోతది?

చెల్లె: అది నిజమే. గట్ల కట్టొద్దు. ఒకే ఫొటోను మూడు నాలుగు సైజులల్ల పెట్టి పేజీ కోడ్‌ల ‘సోర్స్‌సెట్’ల రాస్తే, ఫోను తనకు సరిపోయేదే దించుకుంటది. కింది ఫొటోలు కిందికి జరిపినంకనే వస్తయ్. పేజీల అన్నిటికన్న పెద్ద భాగం 2.5 సెకన్లల్ల కనపడాలని గూగుల్ లెక్క. కొలిచి చూపెడత.

అన్న: ఫోనుల పేజీలు జల్ది తెరుసుకునేటట్టు గూగుల్ తెచ్చిన ఏఎంపీ పెడితే? వార్తల సైట్లు దాని ఎంబడే పోయినయ్ కదా.

చెల్లె: అప్పట్ల గూగుల్‌ల వెతికితే పైన వార్తలు చూపే టాప్ స్టోరీస్‌ల కనపడాలంటే అది కావాలె గనుక పోయినయ్. 2021ల ఆ షరతు తీసేసిన్రు. జంపఖానాలకు మూడో రూపం ఎందుకన్నా?

అన్న: ఇన్నేండ్ల సంది వాట్సాప్‌ల పంపింది, సంచుల మీద అచ్చేసింది ఫోను చిరునామానే. అవి తెరుసుకోకుంటే?

చెల్లె: ప్రతి పాత పేజీని దాని జోడి పేజీకే 301తో, అంటే ‘ఈ పేజీ శాశ్వతంగ అక్కడికి మారింది’ అని చెప్పే కోడ్‌తో, మళ్లిద్దాం. అన్నిటిని తెచ్చి మొదటి పేజీ మీద పడేయొద్దు. పాత చిరునామాను ఎన్నేండ్లయినా వదులుకోవద్దు.

అన్న: ఆ పట్టిక నేనే రాస్త, ఏది దేనికి జోడో నాకెరుక. కానీ పాతది ఇప్పుడే తియ్య. ఏటూరునాగారంల మా మేనమామ పాత ఫోనుల నీ కొత్త పేజీ తెరిచి చూస్త. నాదానికన్న ఆలస్యమైతే ఫొటోలు తగ్గియ్యాలె.

చెల్లె: తగ్గిస్త. రాసిన దాంట్ల మాత్రం ఒక్క ముక్క తియ్య.