పదమూడు వేల జర్నల్స్ ఇచ్చారు సరే, పేపర్ రాయడం నేర్పేదెవరు?

మన స్టేట్ యూనివర్సిటీల్లో ఏదైనా తీసుకోండి, మెయిన్ గేట్ దాటగానే రోడ్డుకి అవతల ఒక జిరాక్స్ సెంటర్ ఉంటుంది, దాన్లోనే రెండు కంప్యూటర్లు, ఒక స్పైరల్ బైండింగ్ మిషను, గోడకి నల్ల రెక్సిన్ మీద బంగారు అక్షరాలు కొట్టిన థీసిస్ అట్టల శాంపిళ్లు. రాత్రి పదకొండుకి కూడా షట్టర్ సగం ఎత్తే ఉంటుంది. నేను స్కాలర్‌గా ఉన్న రోజుల్లో సబ్మిషన్ గడువు మీదకొచ్చిన ఒక సీనియర్‌కి తోడుగా అలాంటి షాపులో నాలుగు రాత్రులు కూర్చున్నా. టైప్ చేసే అబ్బాయి చదివింది ఇంటర్, కానీ అప్పటికే ఎన్ని థీసిస్‌లు కొట్టుంటాడో లెక్కలేదు. "అన్నా, రెఫరెన్సులు ఏ స్టైల్ పెట్టాలె?" అని అడిగాడు. మా సీనియర్ కాసేపు ఆలోచించి "పోయినేడు ఎకనామిక్స్ సార్ స్టూడెంట్‌ది చేసినవ్ కదా, దాంట్ల ఎట్లుంటే అట్లనే కొట్టు" అన్నాడు. ఆ అబ్బాయి పాత ఫైల్ తెరిచి అదే ఫార్మాట్ దించేశాడు. ఇంటిపేరు ముందు రావాలా, సంవత్సరం ఎక్కడ పెట్టాలి, ఇటాలిక్స్ దేనికి వాడాలి, ఇవన్నీ మా సీనియర్‌కి అయిదేళ్లలో ఎవరూ చెప్పలా. చెప్పిందల్లా ఆ డీటీపీ అబ్బాయే.

చాలాకాలం దీన్ని నేను జోకులాగే చెప్పుకున్నా. ఇప్పుడు ఎందుకు గుర్తొస్తోందంటే, ఈ మధ్య రీసెర్చ్ స్కాలర్లకి సౌకర్యాలు పెరిగాయని ఎక్కడ చూసినా వింటున్నాం, అందులో అబద్ధమేం లేదు కూడా. 2024 నవంబర్ 25న కేంద్ర కేబినెట్ వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌కి ఓకే చెప్పింది, అంటే రీసెర్చ్ పేపర్లు వేసే జర్నల్స్‌కి ప్రభుత్వ విద్యాసంస్థల తరఫున కేంద్రమే చందా కట్టే పథకం, మూడేళ్లకి 6,000 కోట్లు. 30 మంది అంతర్జాతీయ పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్, 6,300కి పైగా ప్రభుత్వ విద్యాసంస్థలు. 2025 జనవరి నుంచి మొదలైంది, యూనివర్సిటీ లైబ్రరీల కోసం పనిచేసే ఇన్‌ఫ్లిబ్‌నెట్ అని గాంధీనగర్‌లో ఉన్న కేంద్ర సంస్థ దాన్ని నడిపిస్తోంది. మా రోజుల్లో ఒక్క పేపర్ కోసం సెంట్రల్ యూనివర్సిటీలో చదివే ఫ్రెండ్‌ని "కొంచెం డౌన్‌లోడ్ చేసి పెట్టరా" అని బతిమాలుకునేవాళ్లం, దాంతో పోలిస్తే ఇది మామూలు మార్పు కాదు, ఒప్పుకోవాల్సిందే.

కానీ చిన్న లెక్క వేసి చూడండి. 6,000 కోట్లని 6,300 సంస్థలకి పంచితే ఒక్కోదానికి మూడేళ్లకి సుమారు 95 లక్షలు, అంటే ఏడాదికి 32 లక్షల దాకా పడుతుంది. సగటు లెక్కే అనుకోండి. చదవడానికి కావాల్సిన సరుకు మీద ఇంత పెడుతున్నాం, ఆ సరుకుని ఎలా వాడాలో స్కాలర్ పక్కన కూర్చుని చూపించే మనిషి మీద ఎంత పెడుతున్నాం అంటే, చాలా యూనివర్సిటీల్లో అసలు ఆ పేరుతో ఖర్చే లేదు, పోస్టే లేదు. నా గొడవంతా దీని గురించే.

రూల్సులో లేదా అంటే ఉంది. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2022 నవంబర్‌లో తెచ్చిన పిహెచ్‌డి రెగ్యులేషన్స్‌లో కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్ ఉండాలి. రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ అని 2 క్రెడిట్ల కోర్సు ఒకటి అంతకుముందు నుంచే అందరికీ కంపల్సరీ, 30 గంటలు. అడ్వైజరీ కమిటీ ముందు ప్రతి సెమిస్టర్ ప్రోగ్రెస్ చూపించాలి. పైగా ఏ సబ్జెక్ట్ వాళ్లయినా సరే టీచింగ్‌లోనో రైటింగ్‌లోనో ట్రైనింగ్ తీసుకోవాలి, వారానికి 4 నుంచి 6 గంటలు అసిస్టెంట్‌షిప్ పని ఇవ్వొచ్చు అని కూడా రాశారు. కాగితం మీద చదివితే ముచ్చటేస్తుంది. డిపార్ట్‌మెంట్‌కి వచ్చేసరికి ఆ ట్రైనింగ్ కాస్తా పార్ట్‌టైమ్ లెక్చరర్ రాని రోజు ఎంఏ ఫస్టియర్ వాళ్లకి క్లాస్ చెప్పడంగా మారిపోతుంది, ఆ క్లాస్ వెనకాల కూర్చుని నువ్వు ఇక్కడ తప్పు చెప్పావమ్మా అని దిద్దేవాళ్లు మాత్రం ఉండరు. ఎథిక్స్ కోర్సు కూడా అంతే, డబ్బు కడితే ఏదైనా వేసే దొంగ జర్నల్ అంటే ఏంటో నిర్వచనం రాస్తే మార్కులు పడతాయి, మంచి జర్నల్‌కి పేపర్ ఎలా రాయాలి, రిజెక్ట్ అయితే దాన్ని పరిశీలించిన రివ్యూయర్‌కి జవాబు ఎలా ఇవ్వాలి అనేది అక్కడ ఎవరూ చేయించరు.

ఇక అంతా గైడ్ మీదే. గైడ్ మంచోడు దొరికితే నీ అదృష్టం, లేకపోతే నీ ఖర్మ. యూజీసీ లెక్క ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 కంటే ఎక్కువ మంది స్కాలర్లు ఉండకూడదు. కానీ తెలంగాణ, ఏపీ స్టేట్ యూనివర్సిటీల్లో రెగ్యులర్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్నాయి, ఉన్న నలుగురిలో ఒకాయన హెడ్డు, ఒకాయన వార్డెను, ఒకాయన ఎగ్జామినేషన్ బ్రాంచి, ఇంకొకాయన వచ్చే ఏడు రిటైరు. వాళ్లని తిట్టడం నా ఉద్దేశం కాదు, వాళ్ల గైడ్లు కూడా వాళ్లకి ఏమీ నేర్పలేదు కదా. "మేమెవరి దగ్గర నేర్చుకున్నామయ్యా, పడతా లేస్తా మేమే నేర్చుకోలే?" అని ఒక పెద్దాయన నాతో అన్నారు. నిజమే సార్, కానీ ఆ పడటంలో ఎంతమంది మళ్లీ లేవలేదో మీ లెక్కలో లేరు.

ఎక్కువ దెబ్బ తినేది ఇంటర్ దాకా, కొందరైతే డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు. సబ్జెక్ట్ తెలీక కాదు. ఫీల్డ్‌వర్క్‌లో చేనేత మగ్గాల దగ్గర కూర్చుని గంటల తరబడి మాట్లాడి అద్భుతమైన సమాచారం పట్టుకొస్తారు, నోటితో చెప్తుంటే అలాగే వింటూ కూర్చోవాలనిపిస్తుంది, అదే ఇంగ్లీషులో చాప్టర్‌గా రాయమంటే మొదటి పేరా దగ్గరే మూడు నెలలు ఆగిపోతారు. అలా ఆగినవాళ్లు రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు, పుస్తకాల్లోంచి వాక్యాలు ఎత్తి అతికించడం, లేదా డబ్బులిచ్చి ఎవరితోనో రాయించడం. హాస్టల్ మెస్ గోడ మీద "డేటా అనాలిసిస్ చేసి పెట్టబడును" అని ఫోన్ నంబర్‌తో అంటించిన కాగితాలు చూసే ఉంటారు. వాటిని చూసి నైతికత అంటూ లెక్చర్ ఇవ్వడం తేలికే. స్టాటిస్టిక్స్‌లో డౌట్ వస్తే వెళ్లి అడగడానికి క్యాంపస్‌లో ఒక్క టేబుల్ కూడా లేనప్పుడు గోడ మీద నంబరుకే కదా ఫోన్ చేసేది.

తెలుగులోనే థీసిస్ రాసేవాళ్ల సంగతి ఇంకా విచిత్రం. యూజీసీ 2018 రూల్స్ ప్రకారం సిమిలారిటీ, అంటే వేరేవాళ్లు రాసినదాంతో పోలిక, 10 శాతం లోపుంటే ఇబ్బంది లేదు, 40 దాకా ఉంటే దిద్ది ఆరు నెలల్లో మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. ఆ చెకింగ్‌కి సాఫ్ట్‌వేర్ ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఫ్రీగానే ఇస్తోంది, శోధశుద్ధి అని. నాకు తెలిసిన ఒక తెలుగు స్కాలర్ తన ఫైల్ లైబ్రరీకి పట్టుకెళ్లింది, డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్స్‌లో కొట్టించిన ఫైల్. మనకి స్క్రీన్ మీద అవి చక్కటి తెలుగు అక్షరాలు, సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లీషు గుర్తులు. రిజల్ట్ సున్నా శాతం. లైబ్రరీ ఆయన సంతోషంగా స్టాంప్ వేసి "కంగ్రాట్స్ అమ్మా, జీరో వచ్చింది, ఇంత బాగా ఎవరికీ రాలేదు" అన్నాడట. పోనీ కంప్యూటర్లన్నీ చదవగలిగే యూనికోడ్‌లో ఇచ్చినా, దాన్ని పోల్చి చూడ్డానికి థీసిస్‌లన్నీ ఆన్‌లైన్‌లో దాచే శోధగంగలో ఉన్న పాత తెలుగు థీసిస్‌లు చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలే, వాటిలో వెతకడం కుదరదు. సాఫ్ట్‌వేర్ కొన్నారు, ఫాంట్ మార్చుకుని రామ్మా అని చెప్పే మనిషిని పెట్టలేదు, అంతే తేడా.

ఈ ఖాళీలోకే వ్యాపారం దూరింది. 2016 రూల్స్‌లో థీసిస్ ఇచ్చే ముందు కనీసం ఒక పేపర్ పబ్లిష్ అయి ఉండాలని పెట్టారు, రాయడం నేర్పకుండా పబ్లిష్ చేయమంటే ఏమవుతుందో అదే అయింది, డబ్బు కడితే వారంలో వేసే జర్నల్స్ పుట్టగొడుగుల్లా లేచాయి. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నల్స్ నడిపిన ఓమిక్స్ సంస్థని రచయితలని మోసం చేసిందంటూ 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని అమెరికా కోర్టు 2019 మార్చిలో తీర్పిచ్చింది, ఆ వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. తర్వాత 2022లో యూజీసీ ఆ పబ్లికేషన్ నిబంధన తీసేసింది. మంచి జర్నల్స్ ఇవీ అని పెట్టిన కేర్ లిస్ట్‌ని కూడా 2025లో ఎత్తేసి, ఇక యూనివర్సిటీలే చూసుకోవాలంది. ఎవరు చూసుకుంటారు మరి? మళ్లీ ఆ హెడ్డూ వార్డెనూ అయిన సారే.

డబ్బు సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం, ఆకలితో ఉన్నవాడికి రైటింగ్ వర్క్‌షాప్ ఏం చేస్తుంది. నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, తెచ్చుకున్నవాళ్లకి 2023 జనవరి నుంచి నెలకి 37,000, సీనియర్ ఫెలో అయితే 42,000. సెంట్రల్ యూనివర్సిటీలో నెట్ ఫెలోషిప్ లేనివాళ్లకి 8,000, అది ఏళ్ల తరబడి అంతే ఉంది. అదే స్టేట్ యూనివర్సిటీలో జేఆర్ఎఫ్ లేకపోతే ఆ 8,000 కూడా లేదు. ఒకే గదిలో ఇద్దరు స్కాలర్లు, ఒకరికి 37 వేలు, ఇంకొకరు సాయంత్రాలు కోచింగ్ సెంటర్లో క్లాసులు చెప్పుకుని మెస్ బిల్లు కట్టాలి. ఆ వచ్చే ఫెలోషిప్ అయినా ప్రతి నెలా యూనివర్సిటీ ఆఫీసులో మేకర్ అనే లాగిన్ ఒకరు, చెకర్ అనే లాగిన్ ఇంకొకరు నొక్కితేనే కదుల్తుంది, అందులో ఒకాయన సెలవు పెడితే ఆ నెల గోవిందా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరిలో రోహిత్ వేముల రాసిపెట్టిన చివరి ఉత్తరంలో తనకి రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్, లక్షా 75 వేల సంగతి కూడా ఉంది. ఫెలోషిప్ లేటు అనే మాట వినిపించినప్పుడల్లా నాకు ఆ లైను గుర్తొస్తుంది.

బయట ఎలా చేశారో ఒక్కటి చూద్దాం. బ్రిటన్‌లో 2002లో సర్ గారెత్ రాబర్ట్స్ ఇచ్చిన రిపోర్ట్‌లో పిహెచ్‌డి వాళ్లకి ఏడాదికి కనీసం రెండు వారాలు విడిగా ట్రైనింగ్ ఉండాలన్నాడు. ప్రభుత్వం దానికంటూ ఏటా దాదాపు 2 కోట్ల పౌండ్లు విడిగా ఇచ్చింది, ఇంకో పనికి వాడకూడదని షరతు పెట్టి మరీ. ఆ డబ్బు 2011లో ఆగిపోయింది, అప్పటికి యూనివర్సిటీల్లో ట్రైనింగ్ ఇచ్చే ఉద్యోగులు తయారైపోయారు. అక్కడంతా స్వర్గం అని కాదు, అక్కడి స్కాలర్ల ఏడుపులు వాళ్లకీ ఉన్నాయి. అమెరికాలో చదివే మన పిల్లల్ని అడగండి, యూనివర్సిటీ రైటింగ్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని డ్రాఫ్ట్ పట్టుకెళ్తే పక్కన కూర్చుని ఈ వాక్యం అర్థం కావట్లేదు, ఏం చెప్పాలనుకున్నావు అని అడుగుతారు. అంతకుమించి పెద్ద టెక్నాలజీ ఏమీ లేదు అందులో.

మన దగ్గర అలాంటిది అసలు లేదనను. ఉస్మానియా క్యాంపస్‌లోనే సోషల్ సైన్స్ రీసెర్చ్‌కి డబ్బిచ్చే కేంద్ర సంస్థ ఐసీఎస్ఎస్ఆర్ దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఐసీఎస్ఎస్ఆర్ డబ్బుతో పది రోజుల రీసెర్చ్ మెథడాలజీ కోర్సులు అప్పుడప్పుడూ అక్కడా ఇక్కడా జరుగుతూనే ఉంటాయి. బాగుంటాయి కూడా. కాకపోతే ముప్పై నలభై మందికే సీటు, పది రోజులయ్యాక సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో, ఆ తర్వాత పదకొండో రోజు నీ డేటాతో నీకు డౌట్ వస్తే మళ్లీ నువ్వూ నీ గోడ కాగితమే. మాలవీయ మిషన్ సెంటర్లు ఉన్నాయి, అవి ప్రధానంగా ఉద్యోగంలో ఉన్న టీచర్ల ప్రమోషన్ కోర్సుల చుట్టూ తిరుగుతాయి.

నేనడిగేది చాలా చిన్నది. ప్రతి యూనివర్సిటీ లైబ్రరీలో ఒక గది, అందులో ఇద్దరు మనుషులు, ఒకరు రాతకి, ఒకరు లెక్కలకి, వారానికి అయిదు రోజులు, ముందుగా పేరు రాయించుకుంటే అరగంట కూర్చోబెట్టి చూస్తారు. తెలుగులో మాట్లాడతారు, థీసిస్ ఇంగ్లీషులోదైనా సరే. పిహెచ్‌డి అయ్యి ఉద్యోగం లేక తిరుగుతున్న మన సీనియర్లలోంచే తీసుకోవచ్చు. పైన చెప్పిన 32 లక్షల్లో సగం కూడా అవ్వదు వాళ్లిద్దరి జీతం.

మొన్న ఒక స్కాలర్ అనంతపురం జిల్లాలో ఫీల్డ్‌వర్క్‌లో ఉండి ఫోన్ చేసింది, "సార్, ఒక పేపర్ కావాలి, మా క్యాంపస్‌లో అయితే ఓపెన్ అయ్యేది, ఇక్కడ డబ్బులు కట్టమంటోంది" అని. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల ఇన్‌ఫెడ్ లాగిన్ ఉంటే ఎక్కడినుంచైనా తీసుకోవచ్చమ్మా అన్నాను. ఆ పేరు వినడం అదే మొదటిసారంది, రిజిస్టర్ అయ్యి అప్పటికి మూడేళ్లు. లైబ్రరీకి ఫోన్ చేస్తే లాగిన్‌కి ఫారం నింపి హెడ్ సంతకం తెచ్చి స్వయంగా ఇవ్వాలి అన్నారట. ఆమె ఉన్న ఊరి నుంచి క్యాంపస్‌కి రాత్రంతా బస్సు ప్రయాణం. ఆ పీడీఎఫ్ చివరికి నేనే సెంట్రల్ యూనివర్సిటీలో ఉన్న ఫ్రెండ్‌ని అడిగి వాట్సాప్‌లో పంపించా.